కోర్టు అడిగిన రోజున ఏం ఇచ్చారు? సిగ్నల్, ప్రోటాన్, డక్‌డక్‌గోలపై రాయగడ నుంచి ఒక సమీక్ష

నేను ఒడిశాలో, ఆంధ్ర సరిహద్దున ఉన్న రాయగడలో ఆదాయపు పన్ను రిటర్నులు వేస్తాను, చిన్న వ్యాపారుల జీఎస్టీ లెక్కలు చూస్తాను. నా దగ్గరికి వచ్చేవాళ్లలో చింతపండు, కొండచీపుర్ల వ్యాపారులున్నారు, జేకేపూర్ కాగితం మిల్లులో పనిచేసి రిటైరైనవారున్నారు, గుణుపురం, బిస్సంకటక్ వైపు బడుల్లో పాఠాలు చెప్పే మాస్టార్లున్నారు. వాళ్ల పాన్ కార్డులు, ఆధార్ కార్డులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, భార్య పేరిట వేసిన డిపాజిట్లు, తమ్ముడికి తెలియకుండా అమ్మిన స్థలం దస్తావేజులు అన్నీ నా ఫోనులోకీ కంప్యూటర్‌లోకీ వస్తాయి. ఒక ఇంటి గుట్టు ఇంకో ఇంటికి చేరకుండా చూడటం నా వృత్తిలో సగం పని. గూగుల్‌కీ వాట్సాప్‌కీ బదులుగా "మా దగ్గర మీ గోప్యత భద్రం" అంటూ వచ్చిన సేవలను నేను ఈ అవసరంతోనే వాడుతున్నాను. సందేశాలకు సిగ్నల్, మెయిల్‌కు ప్రోటాన్ మెయిల్, వెతకడానికి డక్‌డక్‌గో, బ్రౌజరుగా బ్రేవ్, మన ఇంటర్నెట్ రాకపోకలను తన సర్వర్ల గుండా మళ్లించే ఒక వీపీఎన్. అవి చెప్పిన మాట నిలబెట్టుకుంటున్నాయా లేదా అన్నదే ఇక్కడ రాస్తున్నాను.

ప్రకటన చూసి ఈ సేవలను అంచనా వేయలేం. ఎవరి వెబ్‌సైటు తెరిచినా తాళం బొమ్మ, నాలుగు గొప్ప మాటలు ఉంటాయి. నేను చూసేది ఒక్కటే. ఏదో ఒక రోజు పోలీసులో, కోర్టో వచ్చి ఫలానా మనిషి వివరాలు ఇవ్వమని అడిగినప్పుడు, ఆ సంస్థ చేతిలో ఇవ్వడానికి ఏముంది? ఇవ్వము అని ఎదురు నిలబడటం గురించి కాదు నేను అడిగేది. చట్టబద్ధమైన ఉత్తర్వు వస్తే ఏ కంపెనీ అయినా తలవంచుతుంది, వంచాలి కూడా. ఇవ్వడానికి తన దగ్గర ఏమీ లేకుండా ముందే ఏర్పాటు చేసుకున్న సంస్థే నిజంగా గోప్యత ఇచ్చినట్టు. అటువంటి రోజులు ఈ సేవల్లో కొన్నిటికి ఇప్పటికే ఎదురయ్యాయి కాబట్టి ఊహించుకోవలసిన పని లేదు.

సరిహద్దు జిల్లాల్లో ఈ విషయం మరికాస్త ముఖ్యం. మా తెలుగువాళ్ల పేర్లు ఒడియా నుంచి ఇంగ్లీషులోకి మారేటప్పుడు రూపం మారిపోతాయి. ఆధార్‌లో బెంకట రావు, పాన్‌లో వెంకటరావు, పార్వతీపురంలో చదివిన పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరుతో సహా ఇంకో తీరు. మూడూ ఒకరే అని నిరూపించడానికి ఆ మనిషి తన కాగితాలన్నిటినీ బ్యాంకుకు ఒకసారి, పెన్షన్ కార్యాలయానికి ఒకసారి, నాకు ఒకసారి, విజయనగరంలో ఉన్న కొడుక్కి ఒకసారి పంపుతాడు. ఇతర ఊళ్లవాళ్లు ఒక్కసారి చూపించే ఆధార్‌ను మావాళ్లు పదిచోట్ల చూపిస్తారు. పంపిన ప్రతిచోటా ఒక నకలు మిగిలిపోతుంది.

ముందుగా సిగ్నల్. నా కొలతకు అందరికంటే బాగా నిలిచింది ఇదే. 2016లో అమెరికాలోని వర్జీనియా నుంచి, నేరం మోపాలా వద్దా అని తేల్చే గ్రాండ్ జ్యూరీ సమన్లు వచ్చాయి. రెండు ఫోను నంబర్ల వివరాలన్నీ ఇవ్వమన్నారు. సిగ్నల్ ఇవ్వగలిగింది రెండే ముక్కలు: ఖాతా ఎప్పుడు తెరిచారు, చివరిసారి ఎప్పుడు సర్వర్‌కు వచ్చారు. అది కూడా ఒక నంబరుకే. రెండోదానికి అసలు ఖాతాయే లేదు. ఎవరితో మాట్లాడారు, ఏ గుంపుల్లో ఉన్నారు, ఫోనులో ఎవరెవరి నంబర్లున్నాయి అన్నవేవీ ఇవ్వలేదు, తన దగ్గర లేవు కాబట్టి. ఆ సమన్లనూ తమ జవాబునూ వాళ్లే బయటపెట్టారు. ఇంతకంటే బలమైన ప్రకటన నాకు అక్కర్లేదు.

ఇక్కడ తరచుగా ఒక ప్రశ్న వస్తుంది: వాట్సాప్‌లో కూడా సందేశాలకు తాళం ఉందిగా, ఇక తేడా ఏమిటి? తాళం ఉన్న మాట నిజం. 2016 నుంచి వాట్సాప్ వాడుతున్నది సిగ్నల్ తయారుచేసిన తాళమే. కవరు లోపలి ఉత్తరాన్ని రెండూ చదవలేవు. తేడా అంతా కవరు పైన రాసి ఉన్నదానిలో ఉంది. ఎవరు ఎవరికి, ఏ వేళకు, ఎన్నిసార్లు, ఏ గుంపులో, ఏ ఫోను నుంచి అన్నది వాట్సాప్‌కు తెలుస్తుంది. సిగ్నల్ మాత్రం 2018 నుంచి పంపినవారి పేరును కూడా సర్వర్‌కు కనబడకుండా దాచే పద్ధతి తెచ్చింది. ఒక వ్యాపారి మార్చి నెలాఖరులో పన్నుల మనిషికీ, బంగారం దుకాణానికీ, స్థలాల దళారికీ వరసగా సందేశాలు పంపాడంటే లోపల ఏముందో చదవనక్కర్లేదు. పైన రాసినదే చాలు.

ఆ పైన వాట్సాప్ బ్యాకప్ ఒకటి ఉంది. ఫోనులో తాళం వేసి ఉన్న సందేశాలు గూగుల్ డ్రైవ్‌లోకి బ్యాకప్ వెళ్లేటప్పుడు ఆ తాళం దానంతటది వెంట వెళ్లదు. బ్యాకప్‌కు వేరుగా తాళం వేసుకునే వీలు 2021లో వచ్చింది, కానీ అది మనం వెతికి పెట్టుకోవాలి. నా దగ్గరికి వచ్చే వారిలో దాన్ని పెట్టుకున్నవారిని నేను ఇంతవరకు చూడలేదు.

నిజానికి నా పనిలో సిగ్నల్ విలువ ఇంకా చిన్న విషయంలో బయటపడింది. ఒకాయన, నేను బాబాయి గారు అని పిలుస్తాను, తన పాన్ కార్డు ఫోటో వాట్సాప్‌లో పంపారు. దాని వెనుకే వార్షిక సమాచార నివేదిక, ఏఐఎస్ అంటారే, ఆ పీడీఎఫ్ పంపారు. దానికి పాస్‌వర్డు ఉంటుంది. ఆ పాస్‌వర్డు ఏమిటంటే చిన్న అక్షరాల్లో పాన్ నంబరు, వెంటనే పుట్టిన తేదీ. రెండూ ముందు పంపిన పాన్ కార్డు మీదే ముద్రించి ఉన్నాయి. పెట్టె, తాళంచెవి ఒకదాని పక్కన ఒకటి ఒకే తెర మీద ఉన్నాయి. అంతటితో ఆగలేదు. వాట్సాప్‌లో వచ్చిన ఫోటో మామూలుగా గ్యాలరీలో చేరుతుంది. మనవరాలి అన్నప్రాశన ఫోటోల పక్కన ఆయన పాన్ కార్డు. ఆ ఫోను పిల్లలు ఆడుకునే ఫోను. సిగ్నల్‌లో అయితే ఫోటో మనం దాచుకుంటే తప్ప గ్యాలరీలోకి రాదు. సందేశాలు వారంలో చెరిగిపోయేలా పెడితే ఆయన ఫోనులోనూ నా ఫోనులోనూ పోతాయి. నాకు కావలసింది అదే. రిటర్ను వేశాక ఆ కాగితం నా ఫోనులో ఉండవలసిన అవసరం లేదు.

బాబాయి గారిని సిగ్నల్ పెట్టుకోమన్నప్పుడు ఆయన అన్నారు: "అమ్మా, నా దగ్గర దాచేది ఏముంది? పన్ను కడుతున్నాను, దొంగతనం చేయలేదు." నేను అడిగాను: "బాబాయి గారూ, చిన్నమ్మాయి పెళ్లికి ఎంత వెనకేశారో కాబోయే వియ్యంకుడికి తెలిసినా పరవాలేదా?" ఆయన వెంటనే, "వద్దు వద్దు, ఆ మాట పైకి రానివ్వకు," అన్నారు. ఆ సాయంత్రమే పెట్టుకున్నారు. తెర మీద మాటలు తెలుగులో ఉండటం వల్ల ఆయనకు నేర్పడం కష్టం కాలేదు.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. సిగ్నల్ తెరవాలంటే ఇప్పటికీ ఫోను నంబరు కావాలి. మన దేశంలో సిమ్ కార్డు గుర్తింపు కాగితాలు లేకుండా రాదు. అంటే సందేశం దాగుతుంది కానీ సందేశం పంపే మనిషి దాగడు. 2024లో యూజర్‌నేమ్ వచ్చింది, దానితో ఎదుటివారికి నంబరు కనబడకుండా మాట్లాడవచ్చు. ఆడవాళ్లు వ్యాపారం నడిపేచోట ఇది పెద్ద సౌకర్యం. 2022లో సిగ్నల్ తరఫున ఎస్సెమ్మెస్‌లు పంపే ట్విలియో సంస్థను మోసగాళ్లు బురిడీ కొట్టించినప్పుడు సుమారు 1,900 మంది నంబర్లు బయటపడే ప్రమాదం వచ్చింది. సందేశాలు మాత్రం పోలేదు, సర్వర్లో ఉంటే కదా. రెండో లోపం, ఫోను పోతే సందేశాలు పోతాయి, బ్యాకప్ గురించి ముందే శ్రద్ధ పెట్టుకోకపోతే. మూడోది అన్నిటికంటే పెద్దది: అవతలి మనిషి అక్కడ ఉండడు. 2021 జనవరిలో వాట్సాప్ కొత్త నిబంధనలు పెట్టినప్పుడు జనం ఒక్కసారిగా సిగ్నల్‌కు వెళ్లారు. ఆ తాకిడికి అది ఒక రోజు ఆగిపోయింది కూడా. తర్వాత అందరూ మెల్లగా తిరిగి వచ్చేశారు. ఆ నిబంధనల మీదే 2024 నవంబరులో మన కాంపిటీషన్ కమిషన్ వాట్సాప్ యజమాని మెటాకు రూ.213.14 కోట్ల జరిమానా వేసింది, కానీ అప్పటికే గుంపులన్నీ పాత చోటే స్థిరపడ్డాయి.

సిగ్నల్ ఉచితమని ఊరుకోవద్దు. దీన్ని నడిపేది లాభాపేక్ష లేని సంస్థ. 2023లో వాళ్లు తమ ఖర్చులు బయటపెట్టారు. మౌలిక సదుపాయాలకు ఏడాదికి సుమారు 1.4 కోట్ల డాలర్లు, అందులో దాదాపు 60 లక్షల డాలర్లు కేవలం మనం ఖాతా తెరిచేటప్పుడు వచ్చే ఓటీపీ ఎస్సెమ్మెస్‌లకు. ప్రకటనలు చూపించని వాడికి ఎవరో ఒకరు డబ్బు ఇవ్వాలి. నేను కొంత ఇస్తున్నాను.

టెలిగ్రామ్ గురించి రెండు మాటలు చాలు. ఇక్కడ పరీక్షలకు చదివే పిల్లల దగ్గర నుంచి వడ్డీ వ్యాపారుల వరకు అది రహస్యమైనదని నమ్ముతారు. మామూలు సంభాషణకు రెండు చివరలా పనిచేసే తాళం, అంటే పంపినవారు, అందుకున్నవారు తప్ప ఇంకెవరూ తెరవలేనిది, టెలిగ్రామ్‌లో లేదు. "సీక్రెట్ చాట్" అని విడిగా తెరిస్తేనే ఉంటుంది, గుంపులకు అసలే లేదు. అంటే సందేశాలు చదవగలిగే తాళంచెవి సంస్థ చేతిలోనే ఉంది. 2022లో కాపీరైటు కేసులో ఢిల్లీ హైకోర్టు ఆదేశిస్తే ఛానెళ్లు నడిపేవారి పేర్లు, ఫోను నంబర్లు, ఏ ఇంటర్నెట్ కనెక్షన్ నుంచి వచ్చారో తెలిపే ఐపీ చిరునామాలు ఇచ్చింది. 2024 ఆగస్టులో టెలిగ్రామ్ అధిపతి పావెల్ దురోవ్ ఫ్రాన్స్‌లో అరెస్టయ్యాక, చట్టబద్ధంగా అడిగితే నంబర్లు, ఐపీ చిరునామాలు ఇస్తామని నిబంధనలే మార్చింది. ఇవ్వడాన్ని నేను తప్పు పట్టను. ఇవ్వడానికి అంత పోగు చేసుకుని గోప్యత పేరు చెప్పుకోవడాన్ని తప్పు పడతాను. దీనికి నా దగ్గర చోటు లేదు.

ప్రోటాన్ మెయిల్ కథ ఇంత సూటిగా లేదు, కాబట్టి కాస్త ఎక్కువ రాయాలి. జెనీవా దగ్గరి సెర్న్ పరిశోధన కేంద్రంలో కలిసిన శాస్త్రవేత్తలు 2014లో దీన్ని మొదలుపెట్టారు. కంపెనీ స్విట్జర్లాండ్‌లో ఉంది. నేను డబ్బు కట్టి వాడుతున్నాను. ఏడాదికి ఒకేసారి కడితే నెలకు సుమారు 4 డాలర్లు పడుతుంది. ఉచిత ఖాతాలో మెయిల్‌కు 1 జీబీ చోటు దొరుకుతుంది. జీమెయిల్ ఇచ్చే 15 జీబీ ముందు అది చాలా తక్కువ. బ్యాంకు స్టేట్‌మెంట్లు వచ్చే పెట్టె అయితే త్వరగానే నిండుతుంది.

అది చేసే పని ఏమిటంటే, మన పెట్టెలో ఉన్న మెయిల్ మన పాస్‌వర్డుతో తప్ప తెరుచుకోని విధంగా దాచడం. కంపెనీ కూడా చదవలేదు. ఇది మాటవరస కాదు. ఒక పాత టీడీఎస్ సర్టిఫికెట్ కోసం మెయిల్ లోపలి మాటలతో వెతకబోతే నాకు ఇది అర్థమైంది. సర్వర్ చదవలేదు కాబట్టి వెతకలేదు. మెయిళ్లన్నీ నా కంప్యూటర్‌లోకే దింపుకుని, అక్కడే పట్టిక తయారుచేసుకుని వెతకాలి. జీమెయిల్‌లో కన్నుమూసి తెరిచేలోగా దొరికేది ఇక్కడ మొదటిసారి చాలాసేపు తీసుకుంది. నాకు ఆ జాప్యమే నమ్మకం కలిగించింది. పాస్‌వర్డు మరిచిపోతే కూడా అంతే. ముందే రికవరీ మాటలు రాసి పెట్టుకోకపోతే ఖాతా తిరిగి వస్తుంది కానీ పాత మెయిళ్లు తెరుచుకోవు. నావి కాగితం మీద రాసి ఇనప్పెట్టెలో పెట్టాను.

అయితే రెండు చివరలా తాళం పనిచేసేది ప్రోటాన్ నుంచి ప్రోటాన్‌కు వెళ్లే మెయిల్‌కే. నేను మెయిల్ రాసే వారందరూ జీమెయిల్‌లో ఉన్నారు. నేను పంపినదాని నకలు గూగుల్ సర్వర్లో మామూలుగానే ఉంటుంది. మెయిల్ శీర్షికకు కూడా ఆ తాళం లేదు. శీర్షికలో ఖాతాదారు పేరు, పాన్ నంబరు రాసేవాళ్లను చాలామందిని చూశాను. ప్రోటాన్‌లో ఉన్నా అది దాగదు. శీర్షికను కూడా దాచేది జర్మనీలోని టూటా అనే మెయిల్ సేవ. కానీ దానిలోంచి బయటివారికి పంపడం ఇంకా ఇబ్బంది కాబట్టి నేను కొనసాగించలేదు.

బయటివారికి కూడా తాళం వేసి పంపే మార్గం ప్రోటాన్‌లో ఉంది. మనం ఒక పాస్‌వర్డు పెడితే అవతలివారికి ఒక లింకు వెళుతుంది, దాన్ని తెరిచి పాస్‌వర్డు ఇస్తే మెయిల్ కనబడుతుంది. ఒక ఖాతాదారు ఇంటి రుణం కోసం విశాఖపట్నంలోని ఒక బ్యాంకు శాఖకు మూడేళ్ల రిటర్నులు ఇలా పంపాను. ఆ అధికారి ఫోను చేశారు: "మేడం, మీ పేరుతో ఎవరో లింకు పంపి పాస్‌వర్డు కొట్టమంటున్నారు. మీ ఖాతా ఎవరి చేతిలోనైనా పడిందేమో చూసుకోండి." ఆయన చేసినది నూటికి నూరుపాళ్లు సరైన పని. తెలియని లింకు తెరవవద్దు, పాస్‌వర్డు కొట్టవద్దు అని రిజర్వ్ బ్యాంకు, పోలీసులు, మేమూ అందరం చెబుతున్నదే. నా దగ్గర నుంచే వచ్చిందని నమ్మించాక ఆయన అన్న మాట, "అది వద్దు లెండి, వాట్సాప్‌లో పెట్టేయండి." పెట్టలేదు. ముద్రించి, ఖాతాదారు చేతికిచ్చి, రైల్లో పంపాను. సురక్షితమైన పద్ధతి మోసగాడి పద్ధతిలాగే కనబడటం ఈ సేవ రూపంలోనే ఉన్న లోపం. దీన్ని ప్రోటాన్ వాళ్లు దిద్దుకోవాలి.

ఇక కోర్టు కొలత. 2021లో ఫ్రాన్స్ పోలీసులు స్విట్జర్లాండ్ అధికారుల ద్వారా అడిగితే, పర్యావరణ ఉద్యమకారుల కేసులో ఒక ఖాతా ఐపీ చిరునామాను నమోదుచేసి ఇవ్వవలసి వచ్చింది. అంతకుముందు తాము మామూలుగా ఐపీ చిరునామాలు దాచము అని వెబ్‌సైటు మొదటి పేజీలో ఉన్న మాట ఆ తర్వాత మారింది. 2024లో స్పెయిన్ కేసులో ఒక మనిషి ఖాతాకు తగిలించుకున్న రికవరీ మెయిల్ చిరునామా ఇచ్చారు. అది యాపిల్ చిరునామా కావడంతో అక్కడి నుంచి ఆ మనిషి ఎవరో తెలిసింది. రెండుసార్లూ మెయిల్ లోపలి మాటలు మాత్రం ఇవ్వలేకపోయారు. అంటే చెప్పిన మాటలో సగం అక్షరాలా నిజం: లోపలిది చదవలేరు. ఇంకో సగం, మీరెవరో ఎవరికీ తెలియదు అని చాలామంది ఊహించుకునేది, నిజం కాదు. నా పనికి మొదటి సగం చాలు. ప్రభుత్వం నుంచి దాక్కోవలసిన పని నాకు లేదు, ఖాతాదారుల లెక్కలు ప్రభుత్వానికి సమర్పించడమే నా పని. కాకపోతే దాక్కుంటున్నామనుకుని ధైర్యంగా రాసేవాళ్లకు ఈ తేడా తెలియాలి. మొదటి పేజీలో అది పెద్ద అక్షరాలతో రాసి ఉండాలి.

మన దేశంలో ఇంకో ఆందోళన ఉంది. ఒక సంస్థ ఉద్యోగులకు ప్రోటాన్ ఖాతా నుంచి అసభ్య మెయిళ్లు వచ్చాయన్న కేసులో 2025 ఏప్రిల్‌లో కర్ణాటక హైకోర్టు, ఈ సేవను నిరోధించే ప్రక్రియ చేపట్టాలని కేంద్రాన్ని ఆదేశించింది. ఇది రాసే వేళకు నాకు పనిచేస్తూనే ఉంది. కానీ ఎప్పుడు ఆగినా నా పని ఆగకూడదని ఆదాయపు పన్ను పోర్టల్‌లో ఖాతాదారుల మెయిల్ చిరునామాలు దీనికి మార్చలేదు. రిటర్నుల గడువు రోజున ఓటీపీ రాకపోతే ఎవరిని అడుగుతాం?

జీమెయిల్ గురించి న్యాయంగా మాట్లాడాలి. ప్రకటనల కోసం మెయిళ్ల లోపలి మాటలు చదవడం మానేస్తామని గూగుల్ 2017లో ప్రకటించింది. బయటి దొంగల నుంచి ఖాతాను కాపాడటంలో వాళ్ల పనితనానికి వంక పెట్టలేం. మా ఖాతాదారుల్లో ఎక్కువమందికి ప్రమాదం గూగుల్ నుంచి కాదు, ఫోను చేసి ఓటీపీ అడిగేవాడి నుంచి. అలాంటివారికి నేను ప్రోటాన్ చెప్పను. జీమెయిల్‌లోనే రెండంచెల ధ్రువీకరణ పెట్టిస్తాను. అదే పాస్‌వర్డుతో ప్రోటాన్‌కు మారినవాడికంటే వాడే భద్రంగా ఉంటాడు.

డక్‌డక్‌గో 2008 నుంచి ఉంది. వెతికిన మాటలను మన పేరుతో ముడిపెట్టి దాచుకోదు, ఆ మాటను బట్టే ప్రకటన చూపిస్తుంది. ఇది మంచి పద్ధతి, నేను నమ్ముతాను. ఫలితాలు మాత్రం ఎక్కువగా మైక్రోసాఫ్ట్ బింగ్ నుంచి వస్తాయి. ఆ ఒప్పందం ఖరీదు 2022 మే నెలలో బయటపడింది. డక్‌డక్‌గో బ్రౌజరు, మనం ఏ సైట్లు చూస్తున్నామో గమనించే ట్రాకర్లను అందరివీ ఆపుతూ, ఇతర సైట్లలోని మైక్రోసాఫ్ట్ ట్రాకర్లను కొన్నిటిని వదిలేస్తోందని ఒక పరిశోధకుడు పట్టుకున్నాడు. ఆగస్టులో సరిదిద్దారు. అయినా అది తామే ముందు చెప్పవలసిన మాట, ఇంకొకరు పట్టుకున్నాక కాదు.

తెలుగులో వెతికితే డక్‌డక్‌గో నన్ను నిరాశపరిచింది. "రాయగడ మజ్జిగౌరి గుడి వేళలు" అని తెలుగులో కొడితే మహారాష్ట్రలోని రాయగఢ్ కోట పైకి వచ్చింది. ఒడిశా అని చేర్చినా సంగతి పెద్దగా మెరుగుపడలేదు. ఇంగ్లీషులో పన్ను చట్టం సెక్షన్లు, నోటిఫికేషన్లు వెతకడానికి ఏ లోటూ లేదు. రోగాల గురించి, అప్పుల గురించి వెతికేటప్పుడు ఇదే వాడమని మా ఇంట్లో అందరికీ చెప్పాను. బ్రేవ్ బ్రౌజరు వేగం బాగుంది, ప్రకటనలు దానంతటదే ఆపుతుంది, గుణుపురం దారిలో ఫోను సిగ్నల్ సన్నగిల్లినచోట కూడా పేజీలు తెరుచుకుంటాయి. 2020లో క్రిప్టో వ్యాపార సైట్ల చిరునామా కొడితే తమకు కమీషన్ వచ్చే లింకును అదే చేర్చిందని తేలి, క్షమాపణ చెప్పి తీసేశారు. అందుకని దాన్ని పని కోసం వాడతాను, అభిమానంతో కాదు.

క్రోమ్‌లో "ఇన్‌కాగ్నిటో" తెరిస్తే ఎవరికీ తెలియదని అనుకునేవాళ్లకు ఒక మాట. ఆ భ్రమ మీదే అమెరికాలో దావా నడిచింది. 2024లో రాజీలో భాగంగా, అలా పోగుచేసిన సమాచారాన్ని చెరిపేయడానికి గూగుల్ ఒప్పుకుంది.

వీపీఎన్ వాడి చూశాక, దానికి డబ్బు దండగ అని నా నిర్ణయం, నా అవసరానికి. మన టెలికాం సంస్థ చూడగలిగినదాన్ని చూడకుండా చేసి, వీపీఎన్ సంస్థ చూడగలిగేలా చేస్తుంది, అంతే. 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాలు వీపీఎన్ వాడుకదారుల పేర్లు, చిరునామాలు 5 ఏళ్లు దాచాలన్నాయి. అందుకు ఒప్పుకోక ఎక్స్‌ప్రెస్, నార్డ్, ప్రోటాన్ వీపీఎన్ సంస్థలు తమ సర్వర్లను భారతదేశం నుంచి తీసేశాయి. మాట నిలబెట్టుకోవడానికి నష్టం భరించారు, ఆ గౌరవం వాళ్లకు ఇవ్వాలి. ఉచిత వీపీఎన్‌ల విషయం వేరు. ఊరూపేరూ లేనివాటి జోలికి అసలు వెళ్లవద్దు. మీ రాకపోకలన్నీ ముక్కూమొహం తెలియనివాడి చేతిలో పెట్టి గోప్యత అనుకోవడం అవుతుంది.

ఇవన్నీ పెట్టుకున్నా నా ఊళ్లో ఆధార్ కార్డులు బయటికి వెళ్లే అసలు దారి వేరే ఉంది. అది జిరాక్స్ దుకాణం. మావాళ్లు కాగితం ముద్రించుకోవాలంటే దుకాణం కంప్యూటర్‌లో వాట్సాప్ వెబ్ తెరుస్తారు, ఫైలు దింపుతారు, ముద్రించుకుని వెళ్లిపోతారు. వాట్సాప్ మాత్రం ఆ కంప్యూటర్‌లో తెరిచే ఉంటుంది. ఇంటికి వెళ్లాక ఆ మనిషికి వచ్చే సందేశాలు అక్కడ కూడా వస్తూ ఉంటాయి. నేను ఒక దుకాణంలో జీఎస్టీ ఫారం ముద్రించడానికి కూర్చున్నప్పుడు డౌన్‌లోడ్స్ ఫోల్డర్ తెరిచాను. సగం ఊరి ఆధార్ కార్డులు, కుల ధ్రువపత్రాలు, పెళ్లి సంబంధాల బయోడేటాలు, ఆసుపత్రి రిపోర్టులు వరసగా ఉన్నాయి. ఫైళ్ల పేర్లలోనే మనుషుల పేర్లు. అక్కడ ఏ కంపెనీ నిఘా లేదు, ఏ దురుద్దేశమూ లేదు. నడిపే కుర్రాడు మంచివాడు, రోజంతా ఊపిరి సలపని పని. 2017లో తొమ్మిదిమంది న్యాయమూర్తులు గోప్యత ప్రాథమిక హక్కు అని తీర్పు చెప్పారు, 2023లో డేటా రక్షణ చట్టం వచ్చింది. ఆ రెండూ ఆ ఫోల్డర్ దాకా ఇంకా రాలేదు. స్విట్జర్లాండ్‌లో తాళం వేసి నేను దాచిన కాగితమే అక్కడ అందరి ముందూ పరిచి ఉంది.

అందుకే రిటర్నుల కాలంలో నా బల్ల దగ్గర తెలుగులోనూ ఒడియాలోనూ ఒక కాగితం అంటించాను. ఆధార్ పంపవలసి వస్తే మొదటి ఎనిమిది అంకెలు కనబడని మాస్క్‌డ్ ఆధార్ పంపండి. పాన్ కార్డునూ, పాస్‌వర్డున్న పీడీఎఫ్‌నూ ఒకేచోట పంపకండి. దుకాణంలో ముద్రించుకున్నాక మీ ఫోనులో వాట్సాప్ తెరిచి, "లింక్డ్ డివైసెస్" లోకి వెళ్లి, తెలియని కంప్యూటర్ ఉంటే తీసేయండి. సిగ్నల్ ఉంటే నాకు అందులోనే పంపండి. ఆ దుకాణం కుర్రాడికి కూడా కూర్చుని చెప్పాను. "అక్కా, ఇంత ఉందని నాకే తెలియదు," అన్నాడు. ఇప్పుడు రోజూ రాత్రి షట్టరు దించేముందు ఆ ఫోల్డర్ ఖాళీ చేస్తున్నాడు. చెరిపినవన్నీ రీసైకిల్ బిన్‌లో అలాగే ఉన్నాయని చూసి, దాన్ని కూడా ఖాళీ చేయాలని మళ్లీ వెళ్లి చెప్పి వచ్చాను.